టూల్ వాళ్ల ‘ఫియర్ ఇనాక్యులమ్’ నాకు సగమే ఎక్కింది, మిగతా సగం ఎవరైనా ఎక్కించండి

బి_షిఫ్టు:

ఇది తిట్టడానికి పెట్టిన పోస్టు కాదు. తిట్టాలో పొగడాలో తేలక పెట్టింది. టూల్ అనే అమెరికా మెటల్ బృందం నుంచి 2019 ఆగస్టు 30న వచ్చిన రికార్డు గురించి ఇప్పుడెందుకంటారా, అప్పటినుంచీ వింటూనే ఉన్నాను, అప్పటినుంచీ తేలలేదు.

నేను విశాఖ స్టీల్‌ప్లాంటులో చేస్తాను. బి షిఫ్టు రాత్రి పదింటికి దిగుతుంది. బట్టలు మార్చుకుని కూర్మన్నపాలెం గేటు దాటేసరికి పదీ ఇరవై. అక్కణ్ణించి ఎంవీపీ కాలనీలో మా ఇంటికి, ట్రైలర్లు అడ్డం పడకపోతే, యాభై నిమిషాల లోపు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక టీవీ, అత్తగారి సీరియళ్లు. నా చెవులు నావి అయ్యేది ఆ యాభై నిమిషాలే.

ఆ దారికి ఈ రికార్డు కొలత తీసుకుని కుట్టినట్టు సరిపోతుంది. టైటిల్ పాట 10 నిమిషాల 20 సెకన్లు, అయ్యేసరికి గాజువాక. ‘న్యూమా’ పన్నెండు నిమిషాలకి ఏడు సెకన్లు తక్కువ, ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ కనిపిస్తుంటుంది. ‘ఇన్విన్సిబుల్’ 12 నిమిషాల 44 సెకన్లు, గురుద్వారా దాకా. ‘డిసెండింగ్’ పదమూడున్నర, మా సందు మలుపు. నాలుగు పాటలు, ఇల్లు. మిగతా మూడూ ఎప్పుడో ఆదివారాలు ముక్కలు ముక్కలుగా విన్నాను.

కొంచెం వెనక్కెళ్తాను. 2007లో నేను ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నాను. బ్రాడ్‌బ్యాండులో రాత్రి రెండు దాటాక ఎంత దించుకున్నా ఫ్రీ అనే రోజులు. ‘లేటరలస్’ 2001లో వస్తే మా రూముకి చేరడానికి ఆరేళ్లు పట్టింది. మా రూమ్మేటు తనని తాను డ్రమ్మర్ననుకునేవాడు. డ్రమ్స్ లేవు. మెస్సు పళ్లెం, నీళ్ల బకెట్టు, రెండు చపాతీ కర్రలు. ‘స్కిజమ్’ పాటకి ఆ బకెట్టు మీద వాడు లెక్క తప్పడం, మేం నవ్వడం, మళ్లీ మొదట్నించి. ‘10,000 డేస్’ అప్పటికి కొత్త రికార్డు, 2006ది. ఇంకో రెండుమూడేళ్లలో తర్వాతది వస్తుందిలే అనుకున్నాం.

ఉద్యోగం వచ్చింది. హుద్‌హుద్ వచ్చింది, ఊళ్లో చెట్లన్నీ పట్టుకుపోయింది. పెళ్లయింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. వీళ్ల రికార్డు రాలేదు. కోర్టు గొడవలు 2015 దాకా సాగాయన్నారు, తీరా అవి తేలాక ఇంకో నాలుగేళ్లు తీసుకున్నారు. మొత్తం పదమూడేళ్లు.

అంత ఆగాక వచ్చింది కదా, మొదటి రాత్రి కార్లో పెట్టాను. నా బాధేంటంటే ప్రతి పాటా ఒకే మెట్లెక్కుతుంది. సన్నగా తీగ మీటుతారు. కింద ఎక్కడో తబలా లాంటి చప్పుడు. బేసు చేరుతుంది. చాలాసేపటికి గాయకుడు మేనార్డ్ గొంతు వస్తుంది, నాలుగు మాటలు చెప్పి మాయమైపోతుంది. ఎనిమిదో నిమిషం దాటాక డ్రమ్ములు విరుచుకుపడతాయి. అది బాగుంటుంది, కాదనను. కానీ నాలుగు పాటల్లోనూ అదే తంతు అయితే, పెళ్లి భోజనంలో నాలుగుసార్లు పప్పే వడ్డించినట్టు. ‘లేటరలస్’ కూడా దగ్గర దగ్గర 79 నిమిషాలే, ఇదీ 79 నిమిషాలే. అక్కడ పదమూడు ట్రాకులు, ఇక్కడ ఏడు. నిడివి కాదు నన్ను విసిగించేది, మలుపులు తక్కువవడం.

మరి ఎందుకు వింటున్నావయ్యా అంటే, ‘ఇన్విన్సిబుల్’ వల్ల. ఒకప్పుడు గెలిచిన యోధుడొకడు ముసలాడయ్యాడు, ఇంకా బరిలోనే ఉన్నానని చూపించుకోవాలని తాపత్రయం. రికార్డు వచ్చేటప్పటికి మేనార్డ్‌కి 55. ప్లాంటులో మా సెక్షన్లో ఒక క్రేన్ ఆపరేటరు గారున్నారు, రిటైర్మెంటుకి నెలల్లో ఉన్నారు. ఇప్పుడు ఆయన్ని పైకి ఎక్కనివ్వట్లేదు, కింద రిజిస్టరు పని ఇచ్చారు. షిఫ్టు దిగేటప్పుడు రోజూ ఆ ఇనప నిచ్చెన దగ్గర ఆగి, మూడో మెట్టు మీద అరచెయ్యి ఆనిస్తారు. ఎక్కరు. చెయ్యి తీసేసి, నా వంక చూసి, ‘గ్రీజు చూసుకోమని చెప్పు వాళ్లకి’ అంటారు. ఆ చెయ్యి చూసిన రాత్రి ‘ఇన్విన్సిబుల్’ వింటే ఎన్‌ఏడీ దగ్గర కళ్లు మసకబారాయి. ఫ్లైఓవర్ మీద అది మంచిది కాదు.

మా రూమ్మేటు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. వాడి లెక్కలో ఇది వాళ్ల రికార్డులన్నిటికంటే గొప్పది. నేను ‘సగం’ అన్నందుకు మూడు నెలలు మెసేజ్‌కి జవాబివ్వలేదు. అందుకే బయటివాళ్లని అడుగుతున్నాను. మీకేం వినిపించింది?


ముక్తాయింపు:

నమస్తే అండీ. నేను బ్యాంకులో చేస్తాను, చిన్నప్పుడు విజయనగరంలో తొమ్మిదేళ్లు మృదంగం నేర్చుకున్నాను. ఈ బృందాన్ని నాకు మా అబ్బాయి అంటించాడు.

ముందు ఒక విషయం. ఈ రికార్డు గురించి ఎక్కడ చూసినా ‘ఏడు, ఏడు’ అని ఒకటే గోల. ఏడు ట్రాకులట, ఏడు దెబ్బల లెక్కలో మళ్లీ మళ్లీ తిరిగే గిటారు ముక్కలు, అంటే రిఫ్‌లట, చివరి పాట పేరు ‘టెంపెస్ట్’లో మొదటి అక్షరం బదులు 7 అంకె వేశారట. మనకి ఏడు అంటే మిశ్రచాపు తాళం. త కి ట, త క ధి మి. పెళ్లిలో నాదస్వరం వెనక డోలు కూడా వాయిస్తుంది, దానికెవరూ నోరు తెరవరు. మీ రూమ్మేటు గారు బకెట్టు మీద తప్పిన ‘స్కిజమ్’ లెక్క ఐదు, ఏడు. ఖండచాపు ఒకటి, మిశ్రచాపు ఒకటి పక్కపక్కన పెట్టుకోమనండి, తప్పరు. ‘లేటరలస్’ పాటలో తొమ్మిది, ఎనిమిది, ఏడు. సంకీర్ణం, చతురశ్రం, మిశ్రం. ‘టెంపెస్ట్’ రిఫ్ 21, మూడు మిశ్రాలు.

లెక్క కష్టమైనందుకు కాదండీ వీళ్ల డ్రమ్మరు డానీ కేరీని మెచ్చుకోవాల్సింది. లెక్క మనకి తెలియకుండా వాయిస్తాడు, అందుకు. ‘న్యూమా’ని ఒకసారి కేవలం కాళ్లు, ఒకసారి కేవలం కుడిచెయ్యి వినండి. రెండిటి నడకా వేరు, కలిసేచోట కలుస్తాయి. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులు, రెండు కాళ్లు, తలతో ఐదు తాళాలు ఒకేసారి వేసేవారని మా గురువుగారు చెబుతుండేవారు. ఆయనే మా సంగీత కళాశాల మొదటి ప్రిన్సిపాలు. ఆ కథ విని పెరిగినవాణ్ణి కాబట్టి నేను తేలిగ్గా ఆశ్చర్యపోను. ఈయన్ని విని రెండుసార్లు వెనక్కి తిప్పుకున్నాను. తబలా లాంటి చప్పుడు అన్నారే, ఆయన అలోక్ దత్తా గారి దగ్గర తబలా నేర్చుకున్న మనిషే. ఊరికే రంగు కోసం కొట్టిన చప్పుడు కాదది.

ఇక మీ ‘పప్పు’ ఫిర్యాదు. మా అబ్బాయితో కూడా ఇదే వాదన. రాగం తానం పల్లవి గంటసేపు పాడితే సాహిత్యం ఒక్క లైనే ఉంటుంది కదా. ఎవరూ విసుక్కోరు. ఎందుకంటే ఆ ఒక్క లైనునే మూడు కాలాల్లో తిప్పుతారు, అదే మాట ప్రతిసారీ వేరేలా వినిపిస్తుంది. వీళ్లూ ఆ పనే చేస్తున్నారు, మాటతో కాదు, గిటారుతో. మీరు మేనార్డ్ గారి మాట కోసం ఎదురు చూస్తున్నారు, ఆయనేమో ఈ కచేరీలో ప్రధాన గాయకుడు కాదు. గిటారే పల్లవి అనుకుని ఒకసారి వినండి.

అలాగని అంతా ఒప్పని నేననను. ‘కల్లింగ్ వాయిసెస్’ మొదటి ఐదారు నిమిషాలు నాకూ నిద్రొచ్చింది. ఆలాపన సాగదీస్తే సభలో వెనక వరసలు కాఫీకి లేస్తాయి, అలాంటిదే.


ఆరో_తీగ:

గురూ, పెద్దాయన సెప్పినదంతా బాగుంది గానీ నాను గిటారోణ్ణి, నా గోల ఇనండి.

మాది గాజువాక. మా మావయ్య హార్డ్‌వేర్ కొట్టు మీద గది, గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి ప్రాక్టీసు సేసీవోళ్లం. టూల్ పాటలు చాలామట్టుకు ఆరో తీగని ఒక మెట్టు కిందకి దించి వాయిస్తారు. 1993 ‘అండర్‌టో’ నుంచీ అదే. పదమూడేళ్లు కూకుని అదే శృతిలో, అదే వేళ్లతో, గిటారు మెడ మీద అదే మూడు గళ్ల మధ్య తిరగడం ఏటి? ‘న్యూమా’ రిఫ్ ఇన్నాక నాను మా డ్రమ్మరుతో అన్నాను, ఒరే ఇది మనకి ఎక్కడో తగిలినాదిరా అని. తగలదా మరి, వాళ్ల పాత పాటల్లోదే వాసన.

ముగ్గురూ వాయిద్యాలు పూర్తిగా కట్టేసినాకే మేనార్డ్ మాటలు రాసుకుంటాడు. కట్టేసిన ఇంట్లో సామాను సర్దుకున్నట్టు. ఇల్లేమో హాలు పెద్దది, గదులు సిన్నవి. బి షిఫ్టు బావా, నీకు ఆ గొంతు మాయమైపోయినట్టు అనిపించడం అందుకే. పెద్దాయన పల్లవి అని సర్ది సెప్పేత్తన్నారు గానీ, ఆయన గొంతుకి సోటు మిగల్లేదు, అంతే.

మల్ల ‘టెంపెస్ట్’ జోలికి మాత్రం రాకండి. అది వేరే. ఆ 21 లెక్క రిఫ్ నాను మూడు నెలలు కొట్టాను. వేళ్లు వాసిపోనాయి. ఆడమ్ జోన్స్ ఒకే పాటలో అంతంత సేపు సోలో వాయించడం ఆ ముందు నాను ఇన్లేదు. దానికి 2020లో గ్రామీ ఇచ్చారు, ఈసారి సరైన పాటకే ఇచ్చారు. మావోడు డ్రమ్స్‌లో సగం దాకా వచ్చేసినాడు కూడా. ఈలోగా సచివాలయం పోస్టులు పడ్డాయి, రాసినాడు, వచ్చేసినాది, అనకాపల్లి పక్కకి ఎల్లిపోనాడు. బేండు అక్కడితో ఆగిపోనాది. కోడిగుడ్ల అట్టలు ఇంకా ఉన్నాయి.

సీడీ డబ్బా కూడా కొన్నాను, తెరున్న రకం. నాలుగంగుళాల తెర, సిన్న స్పీకరు, చార్జింగు. మా సిన్నాన్న కొడుకు అమెరికా నుంచి వస్తా తెచ్చినాడు, ఎంతయినాదో మా ఆవిడికి ఇప్పటికీ తెలీదు. తెరిస్తే బొమ్మ కదులుతాది. ఒకసారి సూసేను. మా గుంటడు దాన్ని బుల్లి టీవీ అనుకుని కార్టూన్ పెట్టమని ఏడిసినాడు.


నేను_చదువుకోవాలి:

ఒక్క డౌటు. ఈ రికార్డులో ఆ ‘చాక్లెట్ చిప్ ట్రిప్’ ట్రాకు ఎవరికైనా నచ్చిందా, లేక అందరం మర్యాదకి ఊరుకుంటున్నామా?


ఆరో_తీగ:

మర్యాదకే.


పాత_కేసెట్టు:

అన్న అనాలో అంకుల్ అనాలో తెలియట్లేదు, అన్నా అంటాను.

నేను ఏయూలో పీజీ చేస్తున్నాను. ఈ రికార్డు వచ్చినప్పుడు ఇంటర్. నిజం చెప్పాలంటే నేను టూల్ వినడానికి కారణం కోపం. టేలర్ స్విఫ్ట్ ‘లవర్’ ఆగస్టు 23న వచ్చింది, అమెరికా చార్టులో మొదటి స్థానం. వెంటనే ఎవరో ముసలాళ్లు వచ్చి దాన్ని దింపేశారు. మా క్లాసులో నలుగురం తట్టుకోలేకపోయాం. ఎవరీ టూల్, ఏంటి వీళ్ల గొప్ప అని తిట్టడానికే వెళ్లి విన్నాను. వాళ్ల పాత పాటలన్నీ ఆ నెల 2న గానీ స్ట్రీమింగ్‌లోకి రాలేదు కాబట్టి నాకు పాతవి, కొత్తది, అన్నీ ఒకే నెలలో దొరికాయి.

తిట్టడం కుదరలేదు.

మీ అందరి పోస్టుల్లోనూ పదమూడేళ్లు, పదమూడేళ్లు అని ఉంది. నాకు ఆ పదమూడేళ్లు లేవు. నేను ఎదురు చూళ్లేదు కాబట్టి నాకు వాళ్లేమీ బాకీ లేరు. ఆరో తీగ గారికి ‘న్యూమా’లో పాత వాసన వచ్చింది, నాకు అదే మొదట, పాతవి వింటే ఇందులోది అక్కడ వాసన వచ్చింది. ‘స్కిజమ్’ని నేను ‘న్యూమా’కి చెల్లెలనుకున్నాను చాలా రోజులు. ఎవరు ముందు పుట్టారో తర్వాత తెలిసింది.

నాకు ‘కల్లింగ్ వాయిసెస్’ ఇష్టం. ముక్తాయింపు గారు నిద్రొచ్చిందన్నారు, సార్ మీరు దాన్ని లాక్‌డౌన్‌లో వినలేదేమో. మేం పెదవాల్తేరులో మేడ మీద రెండు గదుల ఇంట్లో ఐదుగురం. రాత్రి వాటర్ ట్యాంకు పక్కన కూర్చుని హెడ్‌సెట్‌లో వినేదాన్ని. అవతలివాళ్లు మన గురించి ఏదో అనుకుంటున్నారని మనమే ఊహించుకుని, మనసులో వాళ్లతో గొడవపడి, కోపం తెచ్చుకుంటాం చూడండి, ఆ పాట దాని గురించే అని నాకు అనిపిస్తుంది. అలాంటిది తొందరగా చెప్తే కుదరదు. మెల్లగా ముదరాలి.

బి షిఫ్టు అన్నా, అసలు సంగతి ఇది. మీ పోస్టు రెండుసార్లు చదివాను. అందులో ‘టెంపెస్ట్’ పేరే లేదు. మీ ఇల్లు నాలుగో పాటకి వచ్చేస్తోంది, అందుకని మీరు ఆరేళ్లుగా రికార్డులో మొదటి నలభై ఎనిమిది నిమిషాలే వింటున్నారు. ఆదివారం ముక్కల్ని నేను లెక్కపెట్టను. ‘సగమే ఎక్కింది’ అన్నారు కదా, విన్నది కూడా సగం కంటే కొంచెమే ఎక్కువ. ఒక్కరోజు గేటు దగ్గర చివరి పాటతో మొదలెట్టి వెనక్కి రండి.


ముక్తాయింపు:

అమ్మాయి చెప్పింది నిజం. నాకు ఈ లెక్క తట్టలేదు, లెక్కలవాణ్ణయి ఉండీ. ‘కల్లింగ్ వాయిసెస్’ కూడా ఇంకోసారి వింటాను.


బి_షిఫ్టు:

మంగళవారం బి షిఫ్టే. పాత_కేసెట్టు చెప్పినట్టే చేశాను.

గేటు దగ్గర ‘టెంపెస్ట్’ పెట్టాను. 15 నిమిషాల 43 సెకన్లు. మొదట సన్నగా తీగ మీటడమే, ఆహా మళ్లీ పప్పు అనుకున్నాను. అంతలో గిటారు మీద పడింది. మేనార్డ్ పళ్లు బిగించి పాడుతున్నాడు, ఆ మొదటి నాలుగు పాటల్లో ఎక్కడా లేని కోపం. ఇది హాస్టల్ నాటి గొంతు. గాజువాక ఎప్పుడు దాటానో తెలియదు. సోలో వస్తుంటే ముక్తాయింపు గారి మాట గుర్తొచ్చి స్టీరింగు మీద త కి ట త క ధి మి వేశాను. మూడుసార్లు వేస్తే రిఫ్ మొదటికొచ్చింది! సరిగ్గా కలిసినప్పుడు ఒంటరిగా కార్లో ‘ఆ’ అని అరిచాను. పక్క లేన్లో ఆటో అతను చూశాడు. మళ్లీ వేస్తే తప్పాను, బకెట్టు వాడికంటే నేనేం గొప్ప కాదు.

‘చాక్లెట్ చిప్ ట్రిప్’ గురించి మర్యాదగా ఊరుకుంటాను. ‘కల్లింగ్ వాయిసెస్’ నాకు ఇంకా ఎక్కలేదు చెల్లెమ్మా, నీ వాటర్ ట్యాంకు నా దగ్గర లేదు. ఎన్‌ఏడీ దగ్గర లారీల మధ్య ఆ మెల్లదనం ఓర్చుకోవడం కష్టం.

‘డిసెండింగ్’ కెరటాల చప్పుడుతో మొదలవుతుంది కదా. ఎప్పుడూ అది ఇంటి దగ్గర్లో వచ్చేది, అసలు చప్పుడో రికార్డు చప్పుడో అన్నట్టుండేది. ఈసారి తాటిచెట్లపాలెం దాటుతుంటే సముద్రం వినిపించింది, అసలు సముద్రం ఇంకా బోలెడు దూరం ఉంది. నవ్వొచ్చింది. వింటూ వింటూ మా సందు మలుపు దాటేసి లాసన్స్‌బే బీచి దాకా వెళ్లిపోయాను. కారు ఆపి అద్దాలు దించి, ‘టెంపెస్ట్’ మళ్లీ మొదట్నించి పెట్టాను. మధ్యలో మా ఆవిడ ఫోను. పెరుగు ప్యాకెట్టు తెమ్మంది, ఆ వేళకి కొట్లన్నీ మూసేశారు.

డల్లాస్ వాడికి ఆ రాత్రే మెసేజ్ పెట్టాను. ‘మూడొంతులు’ అని ఒకటే మాట. వాడికి అర్థమైంది. బొటనవేలు బొమ్మ పెట్టాడు, ఆ వెనకే నా బకెట్టు ఎక్కడుందిరా అని అడిగాడు.

పదమూడేళ్ల సంగతి మాత్రం నేను వదులుకోను. ఆ ఎదురుచూపు నాది, రికార్డుతో పాటే వింటాను. క్రేన్ ఆపరేటరు గారు ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు.

ఆరో తీగ బావా, ఆ తెరున్న డబ్బా అమ్మే ఉద్దేశం ఉంటే చెప్పు. మా ఆవిడికి ఎంతని చెప్పాలో నేను చూసుకుంటాను.


ఆరో_తీగ:

అమ్మను బావా. కావాలంటే కొట్టు మీదకి రా, గుంటడు పడుకున్నాక సూపిస్తాను. చపాతీ కర్రలు తెచ్చుకో.